కోటప్పకొండ ఫొటో ఎవరిది?

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ కింద ప్రభల వెలుగు ఫొటోలో సరిగ్గా పడాలంటే చేతిలో మంచి కెమెరా ఉంటే సరిపోదు. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి కదిలిన విద్యుత్ ప్రభలు ఏ దారిన, ఏ వేళకు తిరునాళ్లకు చేరతాయో తెలిసి ఉండాలి. వేల బల్బుల కాంతికీ చుట్టూ ఉన్న చీకటికీ పొత్తు కుదిరే ఎక్స్‌పోజర్ పట్టాలి. జనం తోపులాటలో గంటల తరబడి ఒకేచోట నిలబడాలి. నరసరావుపేట, చిలకలూరిపేట ఫొటోగ్రాఫర్లలో ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు. తెల్లారేసరికి వాళ్లు తీసిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్సుల్లో, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలో, నాయకుల శుభాకాంక్షల ఫ్లెక్సీల మీద ప్రత్యక్షమవుతాయి. మూలన వేసుకున్న పేరు మాత్రం కనపడదు. దాన్ని కత్తిరించేసి ఉంటారు, లేదంటే దానిమీద తమ లోగో అంటించి ఉంటారు.

పల్నాడంతటా ఇదే వరస. చంద్రవంక పొంగగానే మాచర్ల దగ్గర ఎత్తిపోతల, గేట్లు ఎత్తిన రోజు నాగార్జునసాగర్, కార్తీకంలో కారంపూడి వీరుల గుడి దగ్గర రాచగావు మొదలు కళ్లిపాడు దాకా అయిదు రోజుల ఉత్సవం, దుర్గి శిల్పుల రాతిబొమ్మలు... వీటి ఫొటోలకు ఎప్పుడూ గిరాకీయే. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక జిల్లా పేరుతో పేజీలూ చానళ్లూ పెరిగాయి. వాటికి రోజూ బొమ్మ కావాలి. ఆ బొమ్మ ఎవరిదని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: ‘గూగుల్‌లో దొరికింది.’

ఆ జవాబు చెప్పేది కుర్రాళ్లు మాత్రమే అయితే సర్దుకోవచ్చు. పేరున్న పత్రికలు కూడా ‘ఫొటో: ఇంటర్నెట్’, ‘సౌజన్యం: సోషల్ మీడియా’ అని అచ్చు వేస్తున్నాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం పాత అలవాటు. ఇప్పుడు చెట్టు పేరు చెప్పే శ్రమ కూడా తీసుకోవడం లేదు. ఇంటర్నెట్ ఫొటో తీయదు. ప్రతి ఫొటో వెనకా ఒక మనిషి ఉంటాడు, అతని దగ్గర అసలు ఫైలు ఉంటుంది, దానిమీద అతనికి చట్టం ఇచ్చిన హక్కు ఉంటుంది.

ఆ హక్కు ఎంత గట్టిదో దాని సొంతదారులకే సరిగా తెలియకపోవడం ఈ సమస్యలో సగం. 1957 నాటి కాపీరైట్ చట్టం ఫొటోగ్రాఫును చిత్రలేఖనం, శిల్పం సరసన కళాకృతిగా లెక్కించింది. అందులో కళానైపుణ్యం ఉందా లేదా అన్నదానితో పనిలేదని కూడా చెప్పింది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. షట్టర్ నొక్కిన క్షణాన హక్కు పుడుతుంది. 2012 సవరణకు ముందు ఫొటోకు రక్షణ అది ప్రచురితమైన నాటి నుంచి అరవై ఏళ్లే ఉండేది. ఆ సవరణతో ఫొటోగ్రాఫర్‌ను కవితో, చిత్రకారుడితో సమానం చేశారు: జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు.

అయితే ఆ హక్కు మొదట ఎవరికి చెందుతుందన్న చోట ఒక మెలిక ఉంది. సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. అంటే పెళ్లి ఆల్బమ్ మీద హక్కు పెళ్లివారిది. మన ఊళ్లలో స్టూడియోల బతుకుతెరువు పెళ్లిళ్ల మీద, ఓణీల ఫంక్షన్ల మీద నడుస్తుంది. బేరం నోటిమాటతో కుదురుతుంది, అడ్వాన్సు రసీదు మీద తేదీ, మొత్తం తప్ప మరేమీ ఉండదు. ఆ రసీదు మీదే ‘ఈ ఫొటోలపై కాపీరైట్ స్టూడియోది, కుటుంబానికి సొంత వాడకానికి పూర్తి హక్కు ఉంటుంది’ అని రెండు వాక్యాలు అచ్చువేయించి ఇద్దరూ సంతకం చేస్తే పరిస్థితి పూర్తిగా మారుతుంది. ఖర్చేమీ లేని ఈ పని మన దగ్గర చేస్తున్నవాళ్లు చాలా తక్కువ.

తిరునాళ్ల ఫొటో సంగతి వేరు. ఎవరూ పురమాయించకుండా, తన పెట్రోలు తాను పోసుకుని వెళ్లి తీసుకున్న ఎత్తిపోతల చిత్రం పూర్తిగా ఫొటోగ్రాఫర్‌దే. మండలాల్లో పత్రికలకు పనిచేసే కంట్రిబ్యూటర్లకు కూడా తెలియాల్సిన విషయం ఒకటుంది. ఉద్యోగ ఒప్పందం కింద పత్రికలో పనిచేస్తూ తీసిన ఫొటోకే, అదీ ప్రచురణ మేరకే, యాజమాన్యం తొలి హక్కుదారు అవుతుంది. నెలజీతం, ఉద్యోగ ఒప్పందం లేని కంట్రిబ్యూటర్, హక్కులు రాసిచ్చి ఉండకపోతే, తన ఫొటోకు తానే యజమాని. గురజాల నుంచో దాచేపల్లి నుంచో రోజూ ఫొటోలు పంపే విలేకరికి ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇక పేరు సంగతి. సెక్షన్ 57 సృష్టికర్తకు రెండు ప్రత్యేక హక్కులు ఇస్తుంది: ఈ పని నాదని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు. కాపీరైట్ మొత్తం అమ్మేసుకున్నా ఈ రెండూ అతని దగ్గరే ఉంటాయి. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రూపొందించిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం పీకేసి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే కేంద్రం చేత అయిదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. ఆ శిల్పానికి డబ్బు ముట్టిందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. దీనికితోడు 2012లో చేర్చిన 65బి సెక్షన్ ఉంది. సృష్టికర్త పేరు, హక్కుదారు వివరాలు లాంటి గుర్తులను అనుమతి లేకుండా కావాలని తొలగించినా, తొలగించారని తెలిసీ ఆ కాపీని పంచినా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మూలన ఉన్న పేరును కత్తిరించే చేతికి ఈ సంగతి తెలిస్తే కొంతైనా వెనకాడుతుంది.

పేరు పోతే నష్టం ఏమిటని తేలిగ్గా అడిగేవాళ్లున్నారు. చిన్న ఊళ్లో ఫొటోగ్రాఫర్‌కు ప్రకటనల ఖర్చు పెట్టుకునే స్తోమత ఉండదు. మంచి ఫొటో చూసి ‘ఇది తీసిందెవరు?’ అని అడిగిన మనిషే వచ్చే నెల పెళ్లి ఆర్డరుతో వస్తాడు. పేరు తీసేస్తే ఆ ఆర్డరు పోయినట్టే.

చరిత్రకు జరిగే నష్టం ఇంకా పెద్దది. నాగార్జునకొండ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. మునగబోయే ముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. కొన్ని కట్టడాలను కొండపైకీ, అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. అవి మొదట ఏ చోట, ఏ దిక్కున, ఏ స్థితిలో ఉండేవో కళ్లకు కట్టి చూపగలిగేవి ఆనాటి ఫొటోలే. అవి ఇవాళ తేదీ లేకుండా, తీసినవారి పేరు లేకుండా, ఎక్కడివో చెప్పకుండా ఫోన్లలో తిరుగుతున్నాయి. అనుపులో పునర్నిర్మించిన రంగస్థలాన్ని చూపించి రెండువేల ఏళ్లుగా అక్కడే ఉందని రాసేస్తున్నారు. ఫొటో నుంచి పేరునూ తేదీనీ విడదీస్తే అది సాక్ష్యంగా పనికిరాకుండా పోతుందని చెప్పడానికి మన జిల్లాలో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

చిత్రకారుల పరిస్థితీ ఇదే. తెలుగు శుభలేఖల మీద బాపు సీతారాములు లేని పెళ్లిళ్ల కాలం ఉండదేమో. ఆ బొమ్మలను ఎవరు అనుమతించారని అచ్చు దుకాణంలో అడిగితే వింతగా చూస్తారు. బాపు 2014 ఆగస్టు 31న పోయారు. చట్టం లెక్కన, ఆయన హక్కులు వదులుకున్న బొమ్మలను మినహాయిస్తే, ఆ రక్షణ 2074 చివరి దాకా ఉంటుంది. 1992లో పోయిన వడ్డాది పాపయ్య చిత్రాలకు 2052 దాకా ఉంటుంది. కుంచె పట్టినవారి మీద మనకున్న అభిమానం నిజమైనదే. కానీ ఆ అభిమానం వాళ్ల సంతకాన్ని కత్తిరించే కత్తెరను ఆపడం లేదు.

పెద్దవాళ్ల విషయంలో కనీసం చర్చయినా జరుగుతుంది. 2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ ట్రైలర్ వచ్చిన కొద్ది రోజులకే దక్షిణ కొరియా కాన్సెప్ట్ కళాకారుడు సంగ్ చోయ్, అందులోని ఒక దృశ్యం తాను అంతకుముందే గీసిన చిత్రాన్ని పోలి ఉందని రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించారు. అది ఆయన ఆరోపణ, కోర్టు తేల్చిన విషయం కాదు. కానీ తెలుగు ప్రేక్షకులు ఆ రెండు బొమ్మలనూ పోల్చి చూశారు. కళాకారుడి పేరు అందరికీ తెలిసింది. మాచర్ల కుర్రాడి డ్రోన్ చిత్రాన్ని ఎవరో వాడేసుకుంటే ఆ పోలిక చూసేవారెవరు?

చూసేవారు ఉన్నచోట ఏం జరుగుతుందో హైతీ ఫొటోగ్రాఫర్ డేనియల్ మొరెల్ కథ చెబుతుంది. 2010 జనవరి 12 భూకంపం ఫొటోలను ఆయన ట్విటర్‌కు అనుబంధంగా ఉన్న ఒక సైట్‌లో పెట్టారు. వేరొకరు వాటిని తనవని చెప్పుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ ఆ తప్పుడు పేరుతోనే వాటిని తీసుకుని, గెట్టీ ద్వారా ప్రపంచమంతా పంపిణీ చేసింది. మొరెల్ అభ్యంతరం చెబితే ఏఎఫ్‌పీయే ముందుగా ఆయన మీద కోర్టుకెక్కింది. సోషల్ మీడియాలో పెట్టాడు గనక ఎవరైనా వాడుకోవచ్చన్నది వాళ్ల వాదన. కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2013 నవంబరులో న్యూయార్క్ జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. ఎనిమిది ఫొటోలకు ఆ మొత్తం. మన దగ్గర ‘గూగుల్‌లో దొరికింది’ అనేవాళ్లు చెప్పేది కూడా సరిగ్గా ఆ ఓడిపోయిన వాదనే.

మొరెల్‌కు అంత పరిహారం దక్కడానికి ఒక కారణం ఉంది. అమెరికా చట్టంలో, రిజిస్టరైన కృతి విషయంలో, నష్టం ఎంతో రుజువు చేయకపోయినా కోర్టు విధించగల కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలు రాసి ఉన్నాయి. మన చట్టంలో అవి లేవు. ఇక్కడ నష్టపోయినవాడే తనకెంత పోయిందో, ఎదుటివాడు ఎంత సంపాదించాడో లెక్క చూపించాలి. ఒక ఫొటో ఖరీదు అయిదు వందలో రెండు వేలో పలికే చోట, లాయరు ఫీజు, కోర్టు ఖర్చు, వాయిదాల తిరుగుడు ముందు పెట్టుకుని ఏ ఫొటోగ్రాఫరూ దావా వేయడు. కాపీ కొట్టేవాళ్లకు ఉన్న ధైర్యమంతా ఈ లెక్క నుంచి పుట్టిందే.

సగంలో ఆగిపోయిన మేళ్లు చట్టంలో ఇంకా ఉన్నాయి. 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను నివసించే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. ముంబయి కంపెనీ మీద కేసు కోసం పల్నాడు మనిషి ముంబయి పోనక్కర్లేదు. ఇది మంచి ఏర్పాటు. 52(1)(సి) సెక్షన్, 2013 నాటి నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదికకు రాతపూర్వక ఫిర్యాదు అందితే 36 గంటల్లో ఆ బొమ్మను అందుబాటులో లేకుండా చేయాలి. ఇదీ మంచిదే. కానీ 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదుదారు హామీ ఇవ్వాలి. తేకపోతే వేదిక ఆ బొమ్మను తిరిగి పెట్టుకోవచ్చు. అయిదు వందల ఫొటో కోసం మూడు వారాల్లో కోర్టు ఉత్తర్వు తెమ్మనడం పేదవాడి చేతికి తాళంచెవి ఇచ్చి తలుపు వేరే ఊళ్లో ఉందని చెప్పడమే.

అందుకే ఆచరణలో పనికొస్తున్నది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లు పెట్టిన సొంత కాపీరైట్ ఫారాలు. 1998 నాటి అమెరికా చట్టం పుణ్యాన వచ్చిన పద్ధతి అది. అసలు ఫొటో లింకు, దొంగిలించిన ఫొటో లింకు, తానే హక్కుదారునన్న ప్రకటన ఇస్తే చాలు. ఎదుటివాడు కాదనాలంటే తన పేరు, చిరునామా ఇచ్చి ఎదురు నోటీసు పంపాలి. దొంగిలించినవాళ్లలో అంత ధైర్యం చేసేవాళ్లు అరుదు. ఈ ఫారం నింపడం కష్టమేమీ కాదు, ఇంగ్లిష్ భయమే అడ్డం. జిల్లాలోని ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘాలు తెలుగులో వివరిస్తూ ఒక నమూనా తయారుచేసి సభ్యులందరికీ ఇస్తే ఈ భయం తీరిపోతుంది. సంఘాల పని సన్మానాలతో, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవ ర్యాలీతో ముగియకూడదు.

రుజువులు దాచుకునే విద్య కూడా సంఘాలే నేర్పాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో కెమెరా, తేదీ, పేరు తదితర వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి. ఎవరికీ ఇవ్వని రా ఫైలు, ఆ ఫొటోకు ముందూ వెనకా తీసిన వరస ఫ్రేములు కాపీ కొట్టినవాడి దగ్గర ఎప్పటికీ ఉండవు. కోర్టులో అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఫైలుకు గుర్తుగా ఉండే హ్యాష్ విలువ రాయాలి. దొంగిలించిన పోస్టు తొలగిపోకముందే తేదీ, లింకు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. గొడవ మొదలెట్టాక కాదు, మొదలెట్టే ముందు.

పోలీసు స్టేషన్‌లో వినిపించే మాట ‘ఇది సివిల్ గొడవ, కోర్టుకు పోండి’ అని. అది పొరపాటు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద కావాలని చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరమేనని 2022 మే 20న నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జిల్లా పోలీసు యంత్రాంగం ఈ తీర్పును ప్రతి స్టేషన్‌కూ పంపాలి. అయితే తిరునాళ్ల ఫొటో స్టేటస్ పెట్టుకున్న ప్రతి కుర్రాడి మీదా కేసు పెట్టమని నేను అనడం లేదు. అభిమానంతో పంచుకున్నవాడికి ‘పేరు పెట్టు తమ్ముడూ’ అని ఒక సందేశం చాలు. ఆ బొమ్మతో వ్యాపారం చేసుకున్నవాడి దగ్గర, పేరు చెరిపినవాడి దగ్గర చట్టం కఠినంగా ఉండాలి. లాభాపేక్ష లేనిచోట శిక్ష తగ్గించే వీలు చట్టంలోనే ఉంది.

ఈ పోరాటం నిలబడాలంటే ఫొటోగ్రాఫర్లు తమ వైపు కూడా సరిచూసుకోవాలి. పెళ్లికూతురి ఫొటోను ఆ కుటుంబాన్ని అడగకుండా స్టూడియో బోర్డుకు ఎక్కించడం, రీల్ చేసి వదలడం మామూలైపోయింది. ఒప్పందం లేనప్పుడు ఆ ఫొటో మీద హక్కు వాళ్లది, ముఖం ఎప్పుడూ వాళ్లదే. 2023లో ‘హ్యూమన్స్ ఆఫ్ బాంబే’ ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో, కథ చెప్పే పద్ధతి మీద ఎవరికీ గుత్తహక్కు లేదని, వ్యక్తులు పంపిన సొంత ఫొటోల మీద హక్కు ఆ వ్యక్తులదేనని కోర్టు అంది. మన హక్కు కోసం గొంతెత్తేవాళ్లం ఎదుటివారి హక్కును అంతే గట్టిగా పట్టించుకోవాలి. దుర్గి శిల్పి చెక్కిన విగ్రహాన్ని ఫొటో తీసి అమ్ముకునేవారు ఆ శిల్పి పేరు రాయకపోవడం కూడా ఈ కోవలోదే.

ఢిల్లీ స్థాయిలో జరగాల్సిన పని ముఖ్యంగా ఒకటుంది. చిన్న మొత్తాల కాపీరైట్ తగాదాలకు చిన్న వేదిక. అమెరికాలో 2022 జూన్ నుంచి ముప్పై వేల డాలర్ల లోపు దావాలకు కాపీరైట్ క్లెయిమ్స్ బోర్డు నడుస్తోంది. లాయరు లేకుండానే, ఆన్‌లైన్‌లోనే వాదించుకోవచ్చు. బ్రిటన్‌లో పదివేల పౌండ్ల లోపు తగాదాలకు మేధోసంపత్తి కోర్టులో ప్రత్యేక విభాగం ఉంది. మన దేశంలో దారి వెనక్కి సాగింది. కాపీరైట్ బోర్డును 2017లో మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డులో కలిపారు, 2021లో ఆ బోర్డునే ఎత్తేశారు. లక్షలోపు దావాలకు తెలుగులో విచారించే వేదిక, ఫొటోకు ఇంత అని కనీస పరిహారం చట్టంలో రాయడం, ఈ రెండూ వస్తే తప్ప నరసరావుపేట స్టూడియోకు చట్టం అందదు. మన పార్లమెంటు సభ్యులు అడగదగిన విషయమిది.

రాష్ట్రంలో, జిల్లాలో చేయదగినవాటికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు. పర్యాటక శాఖ, సమాచార పౌరసంబంధాల శాఖ, దేవాదాయ శాఖ కరపత్రాల్లో, సైట్లలో, హోర్డింగుల్లో వాడే ప్రతి ఫొటోకు రుసుము చెల్లించి పేరు అచ్చువేయాలని ఒక్క ఉత్తర్వు చాలు. పోటీల పేరుతో వందల ఫొటోలు తెప్పించుకుని, నిబంధనల్లో ఒక మూల ‘అన్ని హక్కులూ నిర్వాహకులవే’ అని రాసుకోవడం ఆపాలి. గెలిచిన ముగ్గురికి బహుమతి, ఓడిన వందమంది ఫొటోలు ఉచితం అన్న లెక్క అది. ఫ్లెక్సీ దుకాణాలూ పార్టీ కార్యాలయాలూ స్థానిక ఫొటోగ్రాఫర్లతో ఏడాదికి ఇంత అని మాట్లాడుకోవచ్చు. ఖర్చయ్యేది ఒక్క సభకు పూలదండలకు పెట్టేదాంట్లో కొంతే.

వీటన్నిటినీ మించిన మార్పు ముంచుకొస్తోంది. కృత్రిమ మేధ నమూనాలు ఇంటర్నెట్‌లోని కోట్ల బొమ్మలను నమిలి, అడిగినవారికి అడిగిన తీరులో కొత్త బొమ్మ ఇస్తున్నాయి. ప్రభల వెలుగు ఎలా ఉంటుందో వాటికి తెలిసిందంటే ఎవరో తీసిన ఫొటోల వల్లే. పేరు కత్తిరించడం పాతపద్ధతి దొంగతనం. ఇక్కడ పేరున్న ఫొటోయే మాయమై దాని సారం మిగులుతుంది. 2025 డిసెంబరులో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కమిటీ విడుదల చేసిన పత్రం, శిక్షణకు వాడుకున్న కృతులకు తప్పనిసరి లైసెన్సు పెట్టి, కంపెనీల దగ్గర రాయల్టీ వసూలు చేసి, ఒక కేంద్రీకృత సంస్థ ద్వారా సృష్టికర్తలకు పంచాలని ప్రతిపాదించింది. పాటల వాళ్లకు ఐపీఆర్‌ఎస్ అనే సంఘం ఉంది, అది వాళ్ల వాటా అడిగి తెస్తుంది. ఫొటోగ్రాఫర్ల, చిత్రకారుల తరఫున అలా వసూలు చేసిపెట్టే బలమైన సంఘం మన దగ్గర లేదు. పంపకాలు మొదలయ్యే రోజున ఎవరి ఫొటో ఏదో రాసి ఉన్న జాబితా ఎవరి దగ్గరుంటే వాటా వాళ్లకే పోతుంది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ఫొటోగ్రాఫర్లు తమ ఫొటోలకు పేరు, తేదీ, స్థలం రాసిపెట్టే ఉమ్మడి జాబితాను ఇప్పుడే మొదలుపెట్టాలి. సంఘం కార్యాలయంలో ఒక కంప్యూటరు, వారానికి ఒక పూట పని చేసే ఒక మనిషి ఉంటే అది ఈ ఏడాదిలోనే తయారవుతుంది.